బళ్ళు తెరిచారు, ముక్కులు కారడం మొదలైంది: జూన్ నుంచి ఏప్రిల్ దాకా పిల్లల్ని ఆరోగ్యంగా లాక్కురావడం ఎలా

జూన్ 12న బళ్ళు తెరుస్తారు, 20వ తారీఖు కల్లా మా ఇంట్లో ఒకళ్ళు తుమ్ముతూ ఉంటారు. ప్రతి ఏడూ ఇదే కథ. మా పెద్దది ఇప్పుడు నాలుగో క్లాసు, బుడ్డోడు ఒకటో క్లాసు. పెద్దది ఎల్‌కేజీలో ఉన్నప్పుడు నెలకోసారి జలుబు, జ్వరం వస్తుంటే పిల్లలో ఏదో లోపం ఉందని భయపడిపోయి ఎవరేం చెప్తే అది కొన్నా, పాలల్లో కలిపే పౌడర్లు, ఇమ్యూనిటీ గమ్మీలు, మా అత్తయ్య తెప్పించిన లేహ్యం, అన్నీ అయ్యాయి. డబ్బాలు ఖాళీ అయ్యేవి గానీ ముక్కు కారడం ఆగేది కాదు. చివరికి మా పిల్లల డాక్టరు గారు నవ్వి, కొత్తగా బడికెళ్ళే పిల్లలకి ఏడాదికి ఎనిమిది, పది సార్లు జలుబు చేయడం మామూలే అమ్మా, బరువు పెరుగుతోంది, మధ్యలో బాగా ఆడుకుంటోంది కదా, ఆ పౌడర్ డబ్బులతో పండ్లు కొను అన్నారు.

అప్పట్నుంచి అసలు జబ్బే రాకూడదు అనే పంతం వదిలేశా. కొన్ని నిజంగా మన చేతిలో ఉంటాయి, వాటిని ఆపొచ్చు. మిగతావి వస్తాయి, వచ్చినప్పుడు మన కంగారుతో ఇంకా పాడు చేయకుండా ఉంటే చాలు. నేను ఏం చేస్తానో, ఎక్కడ తప్పు చేశానో రాస్తున్నా, మీకు పనికొచ్చింది తీసుకోండి.

ముందు బరువు చూడండి

పుస్తకాలకి అట్టలు వేసే వారంలోనే చేసేయండి ఈ పని. పిల్లల్ని బరువు చూసి, తారీఖుతో సహా ఒక చీటీ మీద రాసి మందుల డబ్బా మూతకి లోపల వైపు అంటించండి. ఎందుకంటే అర్ధరాత్రి జ్వరం వచ్చినప్పుడు మనకి కావాల్సింది పిల్లల బరువు, వయసు కాదు. పారాసెటమాల్ డోసు కిలోకి 15 మిల్లీగ్రాములు లెక్కన ఇస్తారు, డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరు గంటలు ఉంటే ఇంకా మంచిది, రోజుకి నాలుగు సార్లకి మించకూడదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన షాపుల్లో పారాసెటమాల్ సిరప్ రెండు రకాలు దొరుకుతుంది, 5 ఎమ్మెల్‌లో 120 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఒకటి. బాటిళ్ళు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. 16 కిలోల పిల్లాడికి 240 మిల్లీగ్రాములు కావాలి అనుకోండి, 120 సిరప్ అయితే 10 ఎమ్మెల్ పోయాలి, 250 సిరప్ అయితే 5 ఎమ్మెల్‌కి కాస్త తక్కువే. మా ఇంట్లో ఒకసారి పాత బాటిల్ అయిపోయి మా ఆయన కొత్తది తెచ్చారు, అది 250 అని నేను చూసుకోలేదు, అలవాటు కొద్దీ పాత కొలతే పోయబోయా. చెంచా నోటి దాకా వెళ్ళాక లేబుల్ కళ్ళబడింది. అప్పట్నుంచి ఇంట్లో ఒకే రకం ఉంచుతా, బాటిల్ మీద మార్కర్‌తో ఎవరికి ఎన్ని ఎమ్మెల్ అని రాసేస్తా. వంటింటి చెంచాతో కొలవకండి, బాటిల్‌తో వచ్చే కప్పు గానీ సిరంజి గానీ వాడండి. పిల్లలకి ఆస్పిరిన్ జోలికి అసలు వెళ్ళొద్దు.

దగ్గు మందుల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. 2025లో మధ్యప్రదేశ్‌ చింద్‌వాడాలో దగ్గు సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు, పేపర్లో చూసే ఉంటారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్ళు రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా అవసరమే ఉండదని చెప్పారు. మెడికల్ షాపులో నిలబడి "దగ్గుకి ఏదన్నా ఇవ్వండి" అని అడిగే అలవాటు మానుకుందాం. ఏడాది దాటిన పిల్లలకి పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇస్తే రాత్రి దగ్గు కాస్త తగ్గుతుంది, ఏడాది లోపు వాళ్ళకి మాత్రం తేనె వద్దు.

నిండుగా తిరిగొచ్చే వాటర్ బాటిల్

ఈ ముక్క కాస్త పొడుగ్గా రాస్తా, నాకు గట్టిగా దెబ్బ తగిలింది ఇక్కడే.

మా పెద్దది రెండో క్లాసులో ఉన్నప్పుడు పొద్దున నింపి పంపిన బాటిల్ సాయంత్రం అలాగే నిండుగా తిరిగొచ్చేది. సింకులో పారబోసి మర్నాడు మళ్ళీ నింపేదాన్ని, అంతే. ఆటల్లో పడి మర్చిపోయిందేమో అనుకునేదాన్ని. ఆటో దిగగానే బ్యాగు గుమ్మంలో పడేసి బూట్లతోనే బాత్రూమ్‌కి పరిగెత్తేది, అది చూసి మేం నవ్వుకునేవాళ్ళం కూడా. కొన్నాళ్ళకి కడుపు నొప్పి అంది. ఒకరోజు రాత్రి అంత పిల్ల పక్క తడిపేసింది, మర్నాడు చలితో జ్వరం, జలుబు లేదు, దగ్గు లేదు. యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయిస్తే ఇన్ఫెక్షన్ అని తేలింది. డాక్టరు గారు దాన్నే అడిగారు, స్కూల్లో బాత్రూమ్‌కి వెళ్తావా అని. అది నా మొహం వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది. గడియ పడదట. లోపలంతా కంపట. ఒకసారి ఎవరో తలుపు నెట్టేస్తే అందరూ నవ్వారట. నీళ్ళు తాగితే వెళ్ళాల్సి వస్తుంది కాబట్టి నీళ్ళే మానేసింది. ఏడేళ్ళ పిల్ల తనలో తను వేసుకున్న లెక్క అది, మాకెవరికీ చెప్పలేదు, మేం అడగనూ లేదు.

కాబట్టి ఫీజులు ఎంత కట్టినా, బిల్డింగ్ ఎంత పెద్దదైనా, మొదటి వారంలోనే పిల్లల్ని అడగండి. "స్కూల్ ఎలా ఉంది" అంటే "బాగుంది" అంటారు, దాంతో ఏమీ తెలీదు. బాత్రూమ్‌కి ఎప్పుడెళ్ళావు? గడియ పడుతుందా? మగ్గు ఉందా, ట్యాపులో నీళ్ళొస్తున్నాయా? క్లాస్ మధ్యలో అడిగితే టీచర్ పంపిస్తారా? ఇలా ఒక్కొక్కటీ విడివిడిగా అడగండి, అప్పుడు బయటికొస్తాయి విషయాలు. నేను ఒక్కదాన్నే వెళ్ళి స్కూల్లో చెప్తే "చూస్తామండి" అన్నారు, రెండు వారాలు చూస్తూనే ఉన్నారు. తర్వాత అదే క్లాసు పిల్లల అమ్మలం ముగ్గురం కలిసి వెళ్ళాం, నాలుగో రోజుకి గడియ వచ్చింది. ఒక్కళ్ళు వెళ్తే కంప్లైంట్, ముగ్గురు వెళ్తే పని అవుతుంది, ఇది నేను నేర్చుకున్న పాఠం.

పిల్లలు రెండు, మూడు గంటలకోసారి బాత్రూమ్‌కి వెళ్ళాలి. వచ్చినప్పుడు వెళ్ళు అంటే వెళ్ళరు, టైమ్ పెట్టాలి, ఇంటర్వెల్‌లో ఒకసారి, లంచ్ బెల్ కొట్టాక చేతులు కడుక్కునే ముందు ఒకసారి, ఇంటికి బయల్దేరే ముందు ఒకసారి. ఒక ఫ్రెండ్‌ని జత పెట్టండి, ఒకళ్ళు లోపలికెళ్తే ఇంకొకళ్ళు తలుపు దగ్గర కాపలా. ఆడపిల్లలకి కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలని ఒకసారి కాదు పదిసార్లు చెప్పాలి. ఆపుకునే పిల్లలకి మలబద్ధకం కూడా ఉంటుంది చాలా మటుకు, రెండూ కలిసే తిరుగుతాయి. దానికి నేను చేసింది ఏంటంటే పొద్దున టిఫిన్ అయ్యాక పది నిమిషాలు కూర్చోబెట్టడం, దానికోసం అరగంట ముందు లేపడం, సాయంత్రం ఒక జామకాయ. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్ళు సరిపోతున్నట్టు, చిక్కటి పసుపు అయితే చాలట్లేదు. ఇంటికొచ్చాక ఫ్లష్ కొట్టకుండా నాకు చూపించు అని అడిగితే మా బుడ్డోడికి అదో ఆట అయిపోయింది, ఇప్పుడు వద్దన్నా పిలిచి చూపిస్తున్నాడు.

ఇంకోటి, బాటిల్ మూత. స్ట్రా ఉండే బాటిళ్ళు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, పిల్లలు అవే కావాలంటారు. ఒక ఆదివారం మూత లోపలి రబ్బరు రింగుని పిన్నీసుతో లేపి చూశా. కింద నల్లగా, జిగురుగా, కాటుక పెట్టినట్టు ఉంది. రోజూ సబ్బుతో కడుగుతున్నా కదా అనుకునేదాన్ని, కడిగింది బాటిల్‌ని, తాగుతున్నది ఆ రింగు మీదుగా. ఇప్పుడు వెడల్పు మూతి స్టీల్ బాటిల్ వాడుతున్నాం, స్ట్రా లేదు, చెయ్యి లోపలికి పడుతుంది. మీరు స్ట్రా బాటిలే వాడితే వారానికోసారి రింగు ఊడదీసి చూడండి, చూశాక మీరే మార్చేస్తారు.

నిద్ర, టిఫిన్, బాక్సు

ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఏడింటికి వ్యాన్ వచ్చే ఇంట్లో ఆరింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికి కళ్ళు మూతపడాలి, మన ఇళ్ళల్లో తొమ్మిదింటికి అన్నమే పెట్టం, అదీ అసలు గొడవ. ఆయన వచ్చాక అందరం కలిసి తిందాం అని మేమూ చాన్నాళ్ళు చూశాం. ఇప్పుడు పిల్లలకి ఏడున్నరకే పెట్టేస్తున్నాం, ఆయన వచ్చి ఒక్కరే తింటారు, పాపం. కానీ పొద్దున లేపడానికి పెట్టే కేకలు సగానికి తగ్గాయి. ఫోన్ బెడ్‌రూమ్‌లోకి రాదు, అది మాకు కూడా వర్తిస్తుంది (నేను అప్పుడప్పుడు దొంగతనంగా తీసుకెళ్తా, అది వేరే విషయం).

టిఫిన్ తినకుండా పంపొద్దు. టైమ్ లేకపోతే ఒక ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు చాలు, రెండు ఇడ్లీలు అయినా సరే, పాలు ఒక్కటే తాగించి పంపితే పదింటికల్లా పిల్లలు డీలా పడిపోతారు. ఏపీలో సర్కారు బళ్ళల్లో 2023 నుంచి రాగి జావ ఇస్తున్నారు, మధ్యాహ్నం గుడ్డు, పల్లీ చిక్కీ కూడా ఉంటాయి. వాటిని చిన్నచూపు చూసి ప్యాకెట్ బిస్కెట్లు పెట్టి పంపే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రాగులు, బెల్లం, పల్లీలు, మునగాకు, మన పెద్దవాళ్ళ వంటలోనే ఉన్నాయి రక్తం పట్టేవి. ఒక చిన్న కిటుకు, ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండండి, ఉసిరికాయో జామకాయో పక్కన పెట్టండి, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే పిల్లలకి టీ ఇచ్చే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, అది ఐరన్‌ని పట్టనివ్వదు, మానేయండి.

బాక్సు సంగతి చిన్నదే. మనం పెట్టింది కాదు, తిరిగొచ్చింది చూడాలి. మా బుడ్డోడి బాక్సులో కూర ముక్కలు ఒక పక్కకి తోసి పెట్టి వస్తుంటే అలుగుతున్నాడేమో అనుకున్నా, తీరా చూస్తే ముందు పళ్ళు రెండు కదులుతున్నాయి, కొరకలేకపోతున్నాడు. ముక్కలు చిన్నగా తరిగితే బాక్సు ఖాళీ.

వానాకాలం, అసలు పరీక్ష ఇదే

జులై నుంచి అక్టోబరు దాకా డెంగ్యూ, టైఫాయిడ్, విరేచనాలు, వైరల్ జ్వరాలు అన్నీ వరస కడతాయి.

డెంగ్యూ దోమ పగటి పూట కుడుతుంది, అంటే పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు, సాయంత్రం ట్యూషన్‌లో ఉన్నప్పుడు. రాత్రి దోమతెర కట్టి, కాయిల్ పెట్టి, మన పని అయిపోయింది అనుకుంటే సరిపోదు. ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా వేసుకోనిస్తారేమో స్కూల్లో అడగండి, ఈ నాలుగు నెలలకి చాలా మంది ఒప్పుకుంటారు. మోకాళ్ళ కింద, చేతులకి దోమల క్రీమ్ రాసి పంపండి. ఇంటి దగ్గర వారానికోసారి నిలవ నీళ్ళన్నీ పారబోయాలి, గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి మధ్యలో ఒకసారి పారబోస్తే దాని కథ అక్కడితో ముగుస్తుంది. శుక్రవారం డ్రై డే అంటారే, అదే ఇది. కుండీల కింద ప్లేట్లు, కూలర్, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు అందరికీ గుర్తుంటాయి, ఫ్రిజ్ వెనకాల ట్రే, సీసాలో పెట్టిన మనీ ప్లాంట్ మాత్రం ఎవరికీ గుర్తుండవు. మా ఇంట్లో పురుగులు కదులుతూ కనబడింది ఆ మనీ ప్లాంట్ సీసాలోనే, హాల్లో, టీవీ పక్కన.

డెంగ్యూ వచ్చిందే అనుకోండి, అందరూ ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) ఎన్ని ఉన్నాయి అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. మీరు చూడాల్సింది ఇంకోటి ఉంది. జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త ఎక్కువ కావాలి, మామూలుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో. జ్వరం తగ్గింది కదా అని మనం ఊపిరి పీల్చుకుంటాం, అప్పుడే గట్టిగా కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం, పిల్లాడు మగతగా పడి ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా పొద్దున చూద్దాం అనుకోకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళిపోవాలి. డెంగ్యూ అనుమానం ఉన్నప్పుడు జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, ఐబుప్రొఫెన్ ఉన్న సిరప్‌లు వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. బొప్పాయి ఆకు రసం గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబడతారు, నాకు తెలుసు. అది తాగి పిల్ల వాంతి చేసుకుంటే లోపలున్న నీళ్ళు కూడా పోతాయి, డెంగ్యూలో ఒంట్లో నీళ్ళు నిలబెట్టడమే అసలు వైద్యం అని నెమ్మదిగా చెప్పి చూడండి.

టైఫాయిడ్ గురించి ఒకటే మాట. జ్వరం వచ్చిన రెండో రోజే విడాల్ టెస్ట్ చేసి "టైఫాయిడ్ ఉందమ్మా" అని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టేస్తారు చాలా చోట్ల. విడాల్ మొదటి వారంలో నమ్మదగింది కాదు, ఎప్పుడో వచ్చిన జ్వరాలకి కూడా పాజిటివ్ చూపిస్తుంది, గట్టిగా తేలాలంటే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయాలి, అది కూడా యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు. "కల్చర్ అవసరమా సార్?" అని మర్యాదగా అడగండి, అడిగితే ఎవరూ ఏమనుకోరు. రోడ్డు పక్కన కోసి పెట్టిన పండ్లు, ఐస్ వేసిన పుల్లటి రంగు నీళ్ళు ఈ నాలుగు నెలలు మానిపించగలిగితే అదే సగం టీకా. అసలు టీకా కూడా ఉంది, మన హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కూడా ఉంది, ప్రైవేటులో వేస్తారు.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్, అంటే ఒంట్లోంచి పోయిన నీళ్ళు, ఉప్పు తిరిగి నింపడానికి నీళ్ళల్లో కలిపి తాగించే పొడి. ఇక్కడ మనందరం ఏళ్ళ తరబడి మోసపోయాం. టెట్రా ప్యాక్‌లో పండ్ల రసం పోసి పేరులో ఓఆర్ఎస్ అని తగిలించి అమ్మేవాళ్ళు, పంచదార బోలెడు, ఉప్పు తక్కువ, అది తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ళు దీని మీద పోరాడితే 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్ళు డ్రింకుల పేర్లలో ఆ మాట వాడొద్దని ఆదేశం ఇచ్చారు. మందుల షాపులో పొడి ప్యాకెట్ అడగండి, దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి, లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. లీటరు ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి కొలిచిన లీటరు నీళ్ళల్లో కలిపేయాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేసి కలపకూడదు, ఉప్పు లెక్క తప్పుతుంది. 24 గంటలు దాటితే పారబోయండి. వాంతులు అవుతుంటే గ్లాసుతో ఇవ్వకుండా రెండు నిమిషాలకో చెంచా ఇస్తూ కూర్చోవాలి, ఓపిక కావాలి గానీ చాలా సార్లు సెలైన్ దాకా పోకుండా ఆగుతుంది. దాంతో పాటు జింక్ కూడా డాక్టర్ని అడిగి 14 రోజులు వాడండి.

ఎప్పుడు ఇంట్లో ఉంచాలి

ఒంట్లో బాగోని పిల్లల్ని బడికి పంపకూడదని అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యరు. ఆ తప్పు నేనూ చేశా, పొద్దున పారాసెటమాల్ వేసి పంపించేసి పదకొండింటికి స్కూల్ నుంచి ఫోన్ వస్తే దొంగలా వెళ్ళి తెచ్చుకున్నా. యూనిట్ టెస్ట్ ఉందనే గదా. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపండి. వాంతులు, విరేచనాలు ఆగాక కూడా ఒక రోజు పూర్తిగా ఇంట్లోనే. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా, గవదబిళ్ళలు అయితే వాపు మొదలైన దగ్గర్నుంచి ఐదు రోజులు. ఉత్త ముక్కు కారడం, చిన్న దగ్గు, ఆడుకుంటూ తింటూ ఉంటే పంపొచ్చు, దానికి కూడా ఆపేస్తే ఏడాదిలో సగం రోజులు ఇంట్లోనే ఉంటారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళల్లో ఎవరు సెలవు పెట్టాలి అనే పంచాయితీ ఆ పొద్దున పెట్టుకోకుండా జూన్‌లోనే తేల్చుకోండి, మా ఇంట్లో ఒకసారి నేను ఒకసారి ఆయన, క్యాలెండర్ మీద గీతలు పెట్టుకుంటాం.

సోమవారం సోమవారమే కడుపు నొప్పి వస్తుంటే, ఆదివారం, సెలవుల్లో రాకపోతే, కడుపు కంటే ముందు క్లాసులో ఏం జరుగుతోందో అడగండి. నొప్పి నాటకం అనుకోవద్దు, భయానికి నిజంగానే కడుపు నొస్తుంది.

పేలు, నులిపురుగులు

పేలు పడితే సిగ్గు పడకండి, శుభ్రమైన తలలోకీ ఎక్కుతాయి, ఆటోలో తలలు ఆనించి కూర్చుంటే చాలు. తల తడిపి, కండిషనర్ బాగా పట్టించి పేల దువ్వెనతో పాయ పాయగా కుదుళ్ళ నుంచి చివరి దాకా లాగండి, ప్రతిసారీ దువ్వెనని తెల్ల గుడ్డకి తుడవండి, ఏం వచ్చాయో కనబడుతుంది. మూడు రోజులకోసారి, రెండు వారాలు. ఎక్కువగా ఉంటే షాపులో పర్మెత్రిన్ ఒక శాతం లోషన్ దొరుకుతుంది, వారం పది రోజులకి రెండోసారి తప్పకుండా పెట్టాలి, మొదటిసారి చావని ఈపులు అప్పటికి పిల్లలవుతాయి. అందరూ ఓడిపోయేది ఈ రెండోసారి దగ్గరే. కిరసనాయిలు మాత్రం ఎవరు చెప్పినా పొయ్యొద్దు.

నులిపురుగుల మాత్ర ఏడాదికి రెండుసార్లు స్కూల్లోనే ఇస్తారు, మామూలుగా ఫిబ్రవరి 10, ఆగస్టు 10న, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. ఆ రోజు పిల్ల బడికి వెళ్ళకపోతే వారం తర్వాత మళ్ళీ ఒక రోజు పెడతారు. మాత్ర వేసుకున్నాక కొందరికి కాసేపు కడుపులో తిప్పుతుంది, అది చూసి వాట్సాప్‌లో పుకార్లు లేస్తాయి, కంగారు పడకండి.

కళ్ళు, బ్యాగు, టీకాలు

పిల్లలు నాకు కనబడట్లేదు అని చెప్పరు, అందరికీ అలాగే కనబడుతుంది అనుకుంటారు. మా పెద్దది నోట్సు పక్క పిల్ల పుస్తకం చూసి రాసుకుంటోందని టీచర్ చెప్తే బద్ధకం అనుకుని తిట్టా, తీరా అద్దాలు పెట్టాక చెట్టుకి ఆకులు విడివిడిగా ఉన్నాయమ్మా అంది. ఆ మాట విన్నాక నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఏడాదికోసారి చూపించండి. రోజుకి రెండు గంటలు ఆరుబయట వెలుతుర్లో ఆడే పిల్లలకి దూరపు చూపు పాడయ్యే అవకాశం తగ్గుతుంది, ట్యూషన్ల మధ్య రెండు గంటలు ఎక్కడివి అంటారా, ఒక గంటతో మొదలుపెట్టండి.

బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం వాళ్ళ స్కూల్ బ్యాగ్ పాలసీలో ఉంది. 20 కిలోల పిల్లకి 2 కిలోలు. మా వాడిది కాటా మీద పెడితే నాలుగు దాటింది, అందులో వీధిలో ఏరుకొచ్చిన రాళ్ళు అరకిలో ఉన్నాయనుకోండి.

టీకాలు ఏడాదిన్నరతో అయిపోయాయి అనుకుంటారు చాలామంది. ఐదారేళ్ళకి డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది) బూస్టర్ ఉంది, పదేళ్ళకీ పదహారేళ్ళకీ టీడీ (ధనుర్వాతం, కంఠసర్పికి) ఉంది, సర్కారు దవాఖానాలో ఉచితం. ఆటలమ్మ, గవదబిళ్ళల టీకాలు సర్కారు లిస్టులో లేవు, తట్టు, రుబెల్లాకి వేసే ఎమ్మార్ టీకాలో గవదలది ఉండదు, కావాలంటే ప్రైవేటులో వేయించుకోవాలి. ఐదో క్లాసు దాటిన ఆడపిల్లల బ్యాగులో ఒక ప్యాడ్, ఒక జత లోదుస్తులు చిన్న పౌచ్‌లో పెట్టి ఉంచండి, ఎందుకో ముందే చెప్పండి, బాత్రూమ్‌లో ఒక్కతీ రక్తం చూసి బెదిరిపోకుండా.

ఒంటిపూట బడులు

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, పిల్లలకి పండగ, మనకి కొత్త తలనొప్పి. పన్నెండున్నరకి నడినెత్తిన ఎండలో ఇంటికొస్తారు. టోపీ, రెండో బాటిల్, ఇంటికి రాగానే ఉప్పు వేసిన మజ్జిగ. కేరళలో 2019లో స్కూళ్ళల్లో వాటర్ బెల్ అని పెట్టారు, గంట కొడితే అందరూ నీళ్ళు తాగాలి. మీ స్కూల్లో లేకపోతే ముగ్గురు అమ్మలు కలిసి వెళ్ళి అడగండి. ఆ గంట ఇప్పుడు మా పెద్దదాని క్లాసులో కొడుతున్నారు, బాటిల్ ఖాళీగా వస్తోంది, ఒక్కో రోజు పక్క పిల్లవి కూడా తాగేసి వస్తోంది.

ఏప్రిల్‌లో ఆఖరి పరీక్ష రాసొచ్చిన సాయంత్రం మళ్ళీ బరువు చూడండి, మందుల డబ్బా మీద పాత చీటీ పీకేసి కొత్తది అంటించండి. మా బుడ్డోడు జూన్‌లో 16 కిలోలు, మొన్న చూస్తే 18. అంటే డోసు కూడా మారింది.